వాపు తగ్గింది, మోకాలు మానలేదు



పోయిన నెలలో ఒక మంగళవారం ఎముకల ఓ.పి. ముందు చిక్కడపల్లి నుంచి వచ్చిన ఒక తల్లి నన్ను ఆపింది. ఇంట్లో జాకెట్లు కుట్టి సంసారం నడుపుకొనే మనిషి. హడావిడిలో మెడలో కొలత టేపు కూడా తీయకుండా వచ్చేసింది. పక్కన పందొమ్మిదేళ్ళ కొడుకు, రెండు చంకల కింద కర్రలు.

"సిస్టరమ్మా, పోయినేడు గూడ ఇదే కాలు, ఇదే మోకాలు. ఆపరేషన్ చేయించినం. అప్పు ఇంక తీరలే. మళ్ళ తిరగబడ్డది. వీడు మళ్ళ ఆడుతడా, లేకుంటే కాలే పోతదా, జర చెప్పు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బాబు మాట్లాడలేదు. గోడమీది క్యాలెండరు వైపే చూస్తున్నాడు. కాసేపటికి, "మేడం, డిసెంబరు లోపల అయితదా?" అని అడిగాడు. డిసెంబరులో వాళ్ళ కాలేజీ టీము మ్యాచ్‌లు ఉన్నాయట. ఫుట్‌బాల్‌లో కుడి పక్క ఆడతాడు. మంచి ఆటగాడని వెంట వచ్చిన స్నేహితులు చెప్పారు.

ఈ బాబు గురించి వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. అతని పాత చీటీలన్నీ ముందేసుకుని చూస్తే కథ మోకాలితో మొదలు కాలేదని తెలిసింది. పదో తరగతిలో చీలమండ బెణికింది. నాలుగు రోజులు గుడ్డ చుట్టుకుని అయిదో రోజు ఆడాడు. అదే చీలమండ ఆ ఏడాదిలోనే ఇంకో రెండుసార్లు బెణికింది. ఇంటర్‌లో తొడ వెనుక కండరం పట్టేసింది. రెండు వారాలు ఆగి మళ్ళీ ఆడాడు, మళ్ళీ పట్టేసింది. పోయిన సంవత్సరం మోకాలి లిగమెంటు తెగింది. వేరే చోట ఆపరేషన్ జరిగింది. నాలుగున్నర నెలలకే "ఊరికే ఫ్రెండ్లీ మ్యాచ్" అని దిగాడు. ఎవరూ తగలలేదు, ఎవరూ తోయలేదు. పరుగెత్తుతూ పక్కకు తిరగబోయాడు, మోకాలు లోపలికి మడతపడింది. వేసిన కొత్త లిగమెంటు తెగింది, దానితోపాటు ఈసారి లోపలి మెత్త కూడా చినిగింది.

వాళ్ళమ్మ దీనికి "నరదిష్టి" అని పేరు పెట్టింది. స్నేహితులు "బ్యాడ్ లక్" అన్నారు. ముప్పై ఏళ్ళు వార్డుల్లో తిరిగినదాన్ని కనుక చెప్పగలను, మొదటి దెబ్బ చాలావరకు దురదృష్టమే. రెండో దెబ్బలో మాత్రం తొందరపాటు పాలు చాలా ఉంటుంది. ఆ తొందరపాటు ఒక్క ఆటగాడిదే కాదు. కోచ్‌ది, తోటివాళ్ళది, ఇంట్లోవాళ్ళది, ఒక్కోసారి మా ఆసుపత్రి వాళ్ళది కూడా.

ఆ మాట నా మీద పెట్టుకునే అంటున్నాను. నేను స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో కట్టు మార్పించుకోవడానికి ఒక కుర్రవాడు వచ్చేవాడు. ఒకరోజు అతని మోకాలు చూసి, "వాపు పూర్తిగా తగ్గింది నాన్నా, ఇక భయం లేదు" అన్నాను. ధైర్యం చెప్పానని అనుకున్నాను. అతడు మాత్రం దాన్ని అనుమతి అనుకున్నాడు. ఆ వారమే ఆటకు వెళ్ళి మోకాలు పట్టుకుని తిరిగి వచ్చాడు. "సిస్టర్ చెప్పింది కదా" అని వాళ్ళ నాన్న అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి మా నర్సింగు విద్యార్థినులకు ఒకటే చెబుతున్నాను. వాపు తగ్గింది అంటే వాపు తగ్గిందనే అర్థం, అంతకుమించి ఏమీ కాదు.

మోకాలి లోపల ఏముంటుంది?

పైనుంచి తొడ ఎముక, కిందినుంచి కాలి పెద్ద ఎముక వచ్చి మోకాలి దగ్గర కలుస్తాయి. తుంటిలో ఉన్నట్టు లోతైన గిన్నె ఇక్కడ లేదు. బల్ల మీద రెండు గుండ్లు నిలబెట్టినట్టుగా ఉంటుంది. అవి జారిపోకుండా పట్టి ఉంచేవి లిగమెంట్లనే గట్టి పట్టీలు. రెండు పక్కలా రెండు, కీలు మధ్యలో గుణకారం గుర్తులాగా ఒకదాన్నొకటి దాటుతూ రెండు. ఆ దాటే రెండింటిలో ముందుదాన్ని డాక్టర్లు ఎ.సి.ఎల్. అంటారు. పొడవు మూడు సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. కాలి ఎముక ముందుకు జారకుండా, అడుగు నేలమీద ఉండగా మోకాలు మెలి తిరిగిపోకుండా ఆపేది ఇదే. రెండు ఎముకల నడుమ అర్ధచంద్రాకారంలో రెండు మెత్తలుంటాయి. ఎముకల కొనల మీద నున్నని పూత ఉంటుంది. మన జనం ఈ రెండింటినీ కలిపి "గుజ్జు" అంటారు.

ఎ.సి.ఎల్. ఎక్కువగా ఎదుటివాడు తన్నడం వల్ల తెగదు. పరుగులో ఒక్కసారిగా ఆగినప్పుడు, దిశ మార్చినప్పుడు, గెంతి ఒంటికాలి మీద దిగినప్పుడు తెగుతుంది. బూటు అడుగునున్న మేకులు గడ్డిలో చిక్కుకుని పాదం అక్కడే ఉండిపోతే, ఒళ్ళు మాత్రం తిరిగిపోతుంది. మధ్యలో మోకాలు నలుగుతుంది. ఇప్పుడు మన చుట్టుపక్కల గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానాలు వచ్చాయి. పగలంతా కాలేజీలో, ఆఫీసులో కూర్చుని రాత్రి పది గంటలకు ఒళ్ళు వేడెక్కించుకోకుండానే దిగుతారు. గంట డబ్బు వృథా కాకూడదని మొదటి నిమిషం నుంచే పరుగు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలదీ ఇదే బాధ. నెలల తరబడి కుర్చీలో కూర్చుని, దేహదారుఢ్య పరీక్ష తేదీ రాగానే ఒక్కసారిగా పరుగూ లాంగ్‌జంపూ మొదలుపెడతారు.

తెగినప్పుడు చాలామందికి "టప్" మని శబ్దం వినబడుతుంది, లేదా తెలుస్తుంది. రెండు మూడు గంటల్లోనే మోకాలు కుండలా ఉబ్బుతుంది. లోపల రక్తం చేరడమే దానికి కారణం. తర్వాత జరిగేదే మోసం. రెండు మూడు వారాల్లో వాపు లాగేస్తుంది, నొప్పి తగ్గుతుంది, చదునైన నేలమీద మామూలుగా నడుస్తారు. "బెణుకే, మానిపోయింది" అనుకుంటారు. తిన్నగా నడవడానికి ఎ.సి.ఎల్. అంతగా అక్కర్లేదు. మెట్లు దిగుతూ పక్కకు తిరిగినప్పుడో, బస్సు దిగి రోడ్డు దాటుతూ గబుక్కున ఆగినప్పుడో మోకాలు జారినట్టవుతుంది. అలా జారిన ప్రతిసారీ లోపలి మెత్త కొంత నలుగుతుంది. లిగమెంటు లేకుండానే ఆడుతూ పోతే ముప్పైలలోనే గుజ్జు అరిగిపోయిన మోకాలు మిగలవచ్చు.

ప్రపంచమంతా చూసిన మోకాలు

ఆ బాబుకు ఈ సంగతులు చెప్పినప్పుడు పెద్దగా వినలేదు. బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో పేరెత్తగానే తలెత్తాడు. ఈనాటి పిల్లలకు రొనాల్డో అంటే పోర్చుగల్ క్రిస్టియానో. నేను చెప్పేది అంతకు ముందటి రొనాల్డో గురించి.

1999 నవంబరు 21న ఇటలీలో ఇంటర్ మిలాన్ తరఫున లెచ్చే జట్టుతో ఆడుతుండగా అతని కుడి మోకాలి చిప్ప కింది స్నాయువు కొంత తెగింది. ఇది ఎ.సి.ఎల్. కాదు. చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడులాంటిది. ఆపరేషన్ చేశారు. 2000 ఏప్రిల్ 12న, అంటే అయిదు నెలలు కూడా నిండకుండానే, లాజియోతో కప్పు ఫైనల్లో మళ్ళీ దిగాడు. దిగి ఏడు నిమిషాలు కూడా కాలేదేమో, బంతితో ముందుకు పోతూ ఒక్కడే కూలిపోయాడు. ఈసారి స్నాయువు పూర్తిగా తెగిపోయింది. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు. ప్రపంచంలో కెల్లా ఖరీదైన ఆటగాళ్ళలో ఒకడు. డబ్బుకు కొదవ లేదు, డాక్టర్లకు కొదవ లేదు. అతని దగ్గర లేనిది వ్యవధి ఒక్కటే.

రెండోసారి తొందరపడలేదు. ఏడాదికి పైగా ఆటకు దూరంగా ఉండి కాలిని మళ్ళీ కట్టుకున్నాడు. 2002 జూన్ 30, ఆదివారం. యొకొహామాలో ప్రపంచ కప్పు ఫైనల్. మనకది సాయంత్రం నాలుగున్నర వేళ. నర్సుల హాస్టల్లో టీవీ ముందు మేమూ కూర్చున్నాం. మాలో సగం మందికి ఆట నియమాలే తెలియవు. జర్మనీ మీద రెండు గోల్సూ అతడే వేశాడు, ఆ టోర్నమెంటులో మొత్తం ఎనిమిది. ఎముకల వార్డులో పనిచేసే మా సీనియర్ ఒకామె గోల్ చూడలేదు, "ఆ కుడికాలు ఎట్లా ఆనుతున్నాడో చూడండే" అంటూనే ఉంది. 2008 ఫిబ్రవరిలో ఎడమ మోకాలికి అలాంటి గాయమే అయింది. 2011లో ముప్పై నాలుగేళ్ళ వయసులో ఆట మానుకున్నాడు. ఆ మొదటి అయిదు నెలల చోట పది నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఒకే కాలు, ఒకే మనిషి. తొందరపడితే ఏమైందో, ఓపిక పడితే ఏమైందో రెండూ కనబడతాయి.

మనూరి మోకాలు

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదులోనే ఉంది. పుల్లెల గోపీచంద్ ఆడింది బ్యాడ్మింటన్. మోకాలికి మాత్రం ఫుట్‌బాలూ బ్యాడ్మింటనూ ఒకటే. ఆగడం, తిరగడం, గెంతడం, దిగడం. 1994లో పుణేలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా అతని మోకాలి ఎ.సి.ఎల్. తెగింది. అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆ రోజుల్లో లిగమెంటు తెగిందంటే ఆట ముగిసిందనే మన దేశంలో చాలామంది నమ్మకం. ఒక ఆపరేషన్‌తో కూడా పోలేదు, ఆ మోకాలికి ఒకటికి మించి చేయవలసి వచ్చింది. 1996 నుంచి వరుసగా అయిదేళ్ళు జాతీయ చాంపియన్. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ కప్పు గెలిచిన భారతీయుడు అతడొక్కడే. తెగిన నాటికీ గెలిచిన నాటికీ మధ్య ఏడేళ్ళు. పేపర్లలో మనం ఆ ఒక్క ఆదివారాన్నే చదివాం. నడుమనున్న ఏడేళ్ళూ తొడ కండరం కొలుచుకుంటూ గడిపినవి.

ఆ గెలుపు తర్వాత కూడా మోకాలు అతన్ని పూర్తిగా వదలలేదన్నది నిజం. తర్వాత శిక్షకుడయ్యాడు. 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచాడు. మిగిలింది మీకు తెలిసిందే. అతని శిష్యుడు, మన నగరం వాడే అయిన పారుపల్లి కశ్యప్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు, 2014లో కామన్వెల్త్ స్వర్ణం తెచ్చాడు. 2016 రియో ఒలింపిక్స్ మాత్రం మోకాలి గాయం వల్ల పోయింది. సానియా మీర్జా మణికట్టుకూ మోకాళ్ళకూ ఆపరేషన్లయ్యాక సింగిల్స్ వదిలేసుకుంది. డబుల్స్‌లో 2015 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఈ చివరి కథ నాకు ఇష్టం. ఒళ్ళు ఎంత మోస్తుందో చూసుకుని ఆటనే మార్చుకోవడం కూడా తెలివే.

ఫుట్‌బాల్ విషయానికొస్తే మన నగరం పేరు ఒకప్పుడు దేశమంతా మోగేది. సికింద్రాబాదు అమ్ముగూడ వాడు తులసీదాస్ బలరాం. రహీం సాబ్ శిక్షణలో ఎదిగి 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట విడిచిపెట్టవలసి వచ్చింది. 2023లో కన్నుమూశాడు. అతనిది కాలి గాయం కాదు గనుక ఇక్కడ ఎక్కువ చెప్పను. కానీ ఇరవై ఏడేళ్ళకు ఒక ఆటగాణ్ణి పోగొట్టుకోవడమంటే ఏమిటో ఈ నగరానికి తెలుసు.

అదే జకార్తా ఫైనల్ గురించి పెద్దవాళ్ళు గర్వంగా చెప్పే మాట ఒకటుంది. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ఫార్వర్డ్‌గా దింపారని, అతడు గోల్ వేశాడని, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచామని. అన్నీ నిజమే. నాకూ గర్వమే. కానీ నర్సుగా వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఈనాడు తలకు దెబ్బ తగిలినవాణ్ణి అలా దింపరు. కట్టుతో ఆడినవాడే వీరుడు అనే కథలు మన పిల్లల చెవుల్లో ఎక్కువగా పోశాం. కట్టు విప్పేదాకా ఆగినవాడి కథ ఎవరూ చెప్పరు.

ఎందుకు తొమ్మిది నెలలు?

ఎ.సి.ఎల్. తెగిన ప్రతివాళ్ళకూ ఆపరేషన్ తప్పదని లేదు. 2010లో స్వీడన్‌లో 121 మంది యువతీయువకుల మీద చేసిన పరిశోధనలో, మొదట వ్యాయామ చికిత్సతో మొదలుపెట్టినవాళ్ళలో అయిదేళ్ళ తర్వాత కూడా సుమారు సగం మందికి ఆపరేషన్ అవసరం రాలేదు. ఉద్యోగం, ఇంటిపని, నడక వరకు చాలనుకునేవాళ్ళు డాక్టరుతో ఇది మాట్లాడుకోవాలి. ఫుట్‌బాల్‌లాగా తిరుగుడు ఆటలకు మళ్ళీ వెళ్ళదలచినవాళ్ళకు సాధారణంగా ఆపరేషనే సూచిస్తారు.

ఆ ఆపరేషన్‌లో తెగినదాన్ని కుట్టడం అరుదు. తొడ వెనుకనుంచో, చిప్ప కిందనుంచో రోగి స్నాయువునే కొంత తీసి, ఎముకల్లో సొరంగంలా రంధ్రాలు చేసి అమరుస్తారు. ఇక్కడే అందరూ పొరబడేది. బిగించిన రోజున ఆ కొత్త తాడు గట్టిగానే ఉంటుంది. కానీ దానికి రక్తప్రసరణ ఉండదు. ఒంట్లో నాటుకునేదాకా, తొలి రెండు మూడు నెలల్లో, అది గట్టిపడకపోగా ఇంకా బలహీనపడుతుంది. తర్వాత మెల్లగా కొత్త రక్తనాళాలు పుట్టి, కణాలు చేరి, నెలల తరబడి లిగమెంటుగా మారుతుంది. నాటిన మామిడి అంటు లాంటిదనుకోండి. సరిగ్గా అది బలహీనంగా ఉన్న రోజుల్లోనే మనిషికి నొప్పి తగ్గి హుషారు వస్తుంది. మా బాబు నాలుగున్నర నెలలకు దిగాడు. బయటికి కుట్ల గుర్తు తప్ప ఏమీ లేదు.

నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని రెండేళ్ళు గమనించి 2016లో ప్రచురించిన లెక్క నేను ప్రతి రోగికీ చెబుతాను. తొమ్మిది నెలల వరకు, ఆటకు తిరిగివెళ్ళడం ఆలస్యం చేసిన ఒక్కో నెలకూ మళ్ళీ మోకాలు దెబ్బతినే ప్రమాదం దాదాపు సగం చొప్పున తగ్గింది. నెలలు గడవడంతోనే సరిపోలేదు. ఆటకు వెళ్ళేముందు పెట్టే బలపరీక్షలు తప్పినవాళ్ళలో నూటికి సుమారు 38 మంది మళ్ళీ గాయపడ్డారు. నెగ్గినవాళ్ళలో నూటికి ఆరుగురు లోపే. అదే ఏడాది వచ్చిన మరో సమీక్ష ప్రకారం ఆపరేషనై మళ్ళీ ఆటలోకి వెళ్ళిన 25 ఏళ్ళలోపు వాళ్ళలో నూటికి 23 మందికి ఏదో ఒక మోకాలు మళ్ళీ తెగింది. "ఏదో ఒక" అన్నది గమనించండి. దెబ్బతిన్న కాలిని కాపాడుకుంటూ మంచి కాలి మీద భారం వేస్తే అదీ తెగుతుంది.

ఆ పరీక్షలేమిటంటే పెద్ద యంత్రాలు అక్కర్లేనివీ ఉన్నాయి. రెండు తొడల బలం పోల్చినప్పుడు దెబ్బతిన్నది మంచిదానిలో కనీసం నూటికి 90 వంతులుండాలి. ఒంటికాలితో గెంతిన దూరం కూడా అంతే. గెంతి దిగినప్పుడు మోకాలు లోపలివైపుకు వాలకూడదు. ఇంకొకటి మనసుకు సంబంధించినది. ఆటగాడికి ఆ కాలు మీద నమ్మకం ఉందా అని అడగాలి. భయపడుతూ ఆడేవాడు ఆలోచించి అడుగు వేస్తాడు, ఆ అర సెకను ఆలస్యంలోనే కాలు తప్పుతుంది. ఇంకా భయంగా ఉందని చెప్పే కుర్రవాణ్ణి ఎగతాళి చేయకండి. అతడు తన కాలి సంగతి మనకు చెబుతున్నాడు.

ఆపరేషన్‌కు అప్పుచేసి డబ్బు తెస్తారు, ఫిజియోథెరపీ మాత్రం ఆరు వారాలకు మానేస్తారు. దీన్ని నేను తప్పుపట్టలేను. ఈ తల్లి రెండు బస్సులు మారి, ఆ పూట కుట్టుపని వదులుకుని కొడుకును తీసుకెళ్ళేది. "నడుస్తున్నడు గద, ఇంకెందుకని బందు జేసినం" అంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఆపరేషన్ సగం పనే అని. రోజూ రాలేనివాళ్ళు నెలకు రెండుసార్లు వచ్చి నేర్చుకుని ఇంట్లో చేసుకోవచ్చు. మంచం, కుర్చీ, మెట్లు, ఇటుకలు నింపిన సంచి ఉంటే చాలా వ్యాయామాలు జరిగిపోతాయి. మానకుండా చేయడమే కష్టం.

చీలమండ, తొడ కండరం చిన్నవని వదలకండి

బెణికిన చీలమండ చుట్టూ లిగమెంట్లు సాగడమే కాదు, పాదం ఎటు వాలుతున్నదో మెదడుకు చెప్పే సన్నని నరాల కొసలు కూడా దెబ్బతింటాయి. నొప్పి పోయినా ఆ కబురు సరిగ్గా అందదు. అందుకే ఒకసారి బెణికింది మళ్ళీ బెణుకుతుంది. మందు తేలికే. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలిమీద నిలబడండి, అలవాటయ్యాక కళ్ళు మూసుకుని నిలబడండి, గోడ అందుబాటులో ఉంచుకుని. ఆరు వారాలు చేయాలి. తొడ వెనుక కండరానికి, అంతకుముందు పట్టేసి ఉండటమే మళ్ళీ పట్టేయడానికి పెద్ద కారణం. మోకాళ్ళ మీద నిలబడి, స్నేహితుడు వెనుకనుంచి మడమలు పట్టుకుంటే, నడుం వంచకుండా వీలైనంత నిదానంగా ముందుకు వాలే వ్యాయామం ఒకటుంది. దానిని నార్డిక్ వ్యాయామం అంటారు. జట్లు క్రమంగా చేసినచోట ఈ కండరపు గాయాలు సుమారు సగానికి తగ్గాయి.

అన్నీ కలిపి ఫిఫా వాళ్ళు "11+" అని ఇరవై నిమిషాల వార్మప్ తయారుచేశారు. పరికరాలేవీ అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల జట్ల మీద చేసి 2008లో ప్రకటించిన పరిశోధనలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. అమ్మాయిల తల్లిదండ్రులు ఇది తప్పక గమనించాలి. ఇలాంటి ఆటల్లో అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఎ.సి.ఎల్. తెగే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ. అది ఆట మాన్పించడానికి కారణం కాదు. వార్మప్ మానకుండా ఉండటానికి కారణం.

దెబ్బ తగిలిన రోజున

మొదటి రెండు రోజులు విశ్రాంతి. మంచుముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి. క్రేప్ బ్యాండేజి మరీ బిగించకుండా. కాలు దిండు మీద ఎత్తుగా. వేడి కాపడం, గట్టి మాలిష్, లాగడం, తిప్పడం వద్దు. నాటు కట్టు కట్టించుకుని నెల తర్వాత వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తెగిన లిగమెంటును ఆ కట్టు అతికించదు. కదలక తొడ కండరం మాత్రం ఎండిపోతుంది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేసి రెండో సగం ఆడించమని అడిగే పెద్దమనుషులు కూడా ఒకరిద్దరు తగిలారు. వాళ్ళకు నేను మర్యాదగా చెప్పిన జవాబు ఇక్కడ రాయడం బాగుండదు.

నాలుగు అడుగులు కూడా కాలు ఆనించలేకపోయినా, కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బినా, మడతలో ఇరుక్కుని చాచలేకపోయినా, కాలు జారుతున్నట్టున్నా ఆలస్యం చేయకుండా రండి. పాదం చల్లబడి తెల్లబోతే, తిమ్మిరెక్కితే అది అత్యవసరం, అర్ధరాత్రయినా సరే. ఇంకొక మాట. దెబ్బ ఏమీ తగలకుండా పిల్లలకు మోకాలి దగ్గర వారాల తరబడి నొప్పి ఉండి, రాత్రిళ్ళు నిద్ర లేపుతుంటే "ఆటలో తగిలి ఉంటుందిలే" అనుకోకుండా ఎక్స్‌రే తీయించండి. ఎముకలో గడ్డలు అలాగే బయటపడతాయి.

మళ్ళీ మా బాబు దగ్గరకు వస్తాను. డాక్టరుగారు ఎం.ఆర్.ఐ. చూసి మళ్ళీ ఆపరేషన్ చేయవచ్చన్నారు. కాకపోతే వెంటనే కాదు. ముందు వాపు పోవాలి, మోకాలు పూర్తిగా చాచగలగాలి, తొడకు బలం రావాలి. రెండోసారి చేసినదాని ఫలితం మొదటిసారంత బాగుండకపోవచ్చని, మెత్త కొంత పోయింది కనుక ఫుట్‌బాల్ సంగతి ఏడాది తర్వాతగాని చెప్పలేమని తల్లికీ కొడుక్కీ దాచకుండా చెప్పారు. డిసెంబరు లేదని విని బాబు ఏడ్చాడు. ఏడవనిచ్చాం.

పోయిన గురువారం ఫిజియోథెరపీ గది మీదుగా రౌండుకు పోతుంటే కనబడ్డాడు. మంచం అంచున కూర్చుని కాలు నిటారుగా చాచి పది లెక్కపెట్టి దించుతున్నాడు. నన్ను చూసి నేను అడగకముందే జేబులోంచి వాళ్ళమ్మ కుట్టుటేపు తీసి తొడ చుట్టూ చుట్టాడు. చిప్పకు ఎంత ఎత్తులో కొలవాలో పెన్నుతో గీత కూడా పెట్టుకున్నాడు.

"మేడం, ఎడమదాని కన్నా కుడిది ఇంక రెండు సెంటీమీటర్లు తక్కువుంది" అన్నాడు. "పోయిన వారం రెండున్నర ఉండె."